తాండూరు బండకు శ్రుతి చేసిన గొంతు

అనంతగిరి గుట్ట మీద వాన పడుతుంటే నేను ఒకసారి ఎంత బాగా రికార్డు చేశానంటే, ఇంటికొచ్చి స్పీకర్లో పెట్టగానే మా ఆవిడ డాబా మీదికి పరుగెత్తి, ఆరేసిన బట్టలన్నీ లోపలికి తెచ్చేసింది. అంతవరకు నిజం. ఆ బట్టలు తడిసి ఉన్నాయన్నది మాత్రం తర్వాత నేను కలిపింది.

నా సంగతి ముందే చెప్పుకోవడం మంచిది. నాకు భయం వేసినప్పుడల్లా నోట్లోంచి ఒక పెద్ద కథ బయటికి వస్తుంది. కొందరికి చెమట పడుతుంది, కొందరికి కడుపులో తిప్పుతుంది, నాకు కథ వస్తుంది. శబ్దాల పనిలో భయం ఎప్పుడూ ఉండేదే కాబట్టి వికారాబాద్‌లో నాకు కథలవాడన్న పేరు స్థిరపడింది. రైలు పట్టాలకు దగ్గరగా ఒక గది. అందులో మైకులు, వైర్లు, ఒక పాత క్యాసెట్ డెక్, ఒక ల్యాప్‌టాప్. ఎవరైనా సినిమా తీస్తామని గుట్టల్లోకి పిలిస్తే మైకు భుజాన వేసుకుని పోతాను. పిలవనప్పుడు జనం తెచ్చిచ్చే పాత క్యాసెట్ల దుమ్ము దులిపి, అందులోని గొంతులను కడిగి ఇస్తాను.

తాండూరు నుంచి ఒకావిడ ఫోన్ చేసిన పొద్దు నాకు బాగా గుర్తుంది. నేను పళ్లు తోముకుంటున్నాను.

"అన్నా, మా అబ్బా మాట్లాడిన క్యాసెట్ ఉంది. మస్తు పాతది. సాఫ్ చేస్తవా?"

పాతది అనగానే నాకు గుబులు. పాత టేపు ఎప్పుడు తెగుతుందో దానికే తెలియదు. గుబులు పుట్టగానే నోరు తెరుచుకుంది. "అక్కా, నా మిషన్‌ల పెడితే మీ అబ్బా ఆ పూట ఏం కూర తిన్నడో గూడ చెప్తది."

"కూర సంగతి మాకు ఎరికే గని, మా అమ్మీ ఒప్పుకునేటట్టు చెయ్ అన్నా. చాలు."

మర్నాడు రైలెక్కి వచ్చింది. నాకంటే కొంచెం పెద్దదే. టిఫిన్ డబ్బాలో మెత్తటి గుడ్డ, ఆ గుడ్డలో క్యాసెట్. డబ్బా మూత తీస్తుంటే లోపల అన్నం ఉన్నట్టే జాగ్రత్తగా తీసింది. చాయ్ తాగుతూ విషయమంతా చెప్పింది.

వాళ్ల అబ్బా, అంటే నాన్న, బండల మేస్త్రీ. తాండూరు గనుల్లో నాపరాళ్లు కోసి, చెక్కి, నునుపు చేసే పని. పెద్దకొడుకు గల్ఫ్‌కు పోయాడు. అప్పట్లో చదువురాని ఇళ్లలో ఉత్తరం బదులు క్యాసెట్ పంపడం మామూలు. ఇంట్లో అందరూ టేప్ రికార్డర్ చుట్టూ కూర్చుని మాట్లాడి, ఊళ్లోంచి గల్ఫ్‌కు పోయేవాడి చేతిలో క్యాసెట్ పెట్టేవాళ్లు. అలా పంపిన వాటిలో ఇదొక్కటే మిగిలింది. ఇది పంపిన కొద్ది రోజులకే మేస్త్రీ పోయాడు. కొడుకు తిరిగొచ్చేటప్పుడు దీన్ని పెట్టెలో పెట్టుకుని తెచ్చాడు. తండ్రి పోయేనాటికి ఈ అక్క ఇంకా లంగా జాకెట్ల పిల్ల. ఆమెకు తండ్రి గొంతంటే ఈ క్యాసెట్టే.

"మా అబ్బా మాట మస్తు జల్ది అన్నా. మొదలుపెట్టేటప్పుడు మెల్లగ ఉంటడు, మాట్లాడుకుంట మాట్లాడుకుంట ఉరుకుతడు. చివరికి నవ్వుకుంట బస్సు తప్పిపోతదన్నట్టు జెప్తడు. అట్ల హుషారు మనిషి." చెబుతుంటే ఆవిడ ముఖం వెలిగింది.

"మరి అమ్మీ దేనికి ఒప్పుకోవాలె?"

వెలుగు తగ్గింది. "అమ్మీ వినదు. ఎన్నిసార్లు పెట్టినా రెండు మాటలు విని, 'గిది మీ అబ్బా గొంతు కాదు' అని లేచి లోపలికి పోతది. దుఃఖం ఆపుకోలేక గట్ల అంటదని మేమనుకున్నం. మా భయ్యా ఎన్నోసార్లు జెప్పిండు, 'గల్ఫ్‌ల రోజూ విన్న, గిదే అబ్బా గొంతు' అని. నమ్మదు. ఇప్పుడేమో చెవులు పోతున్నయి అన్నా. ఉన్నది గూడ ఎక్కువ రోజులు ఉండదని, చెవిల మిషన్ పెట్టినా గొంతు తేడా తెల్వదని డాక్టర్ జెప్పిండు. గంతలోపల ఒక్కసారన్న మా అబ్బాను విని, 'హౌ, ఈయనే' అనాలె. గదే నాకు కావాల్సింది."

మళ్లీ ఒక కథ నా నాలుక చివరికి వచ్చింది. మింగాను. ఆ డబ్బాలో ఉన్నది ఒకే ఒక్కటి. నకలు లేదు.

ఆవిడ వెళ్లాక క్యాసెట్‌ను విప్పాను. టేపును డెక్‌లోని హెడ్‌కు అదిమిపట్టే చిన్న ఫెల్టు ముక్క ఊడిపోయింది. లోపల బండల దుమ్ము సన్నటి పొడిగా పేరుకుంది. తాండూరులో దుమ్ము పోని చోటు ఉండదు, క్యాసెట్ కడుపులోకి కూడా పోయింది. ఆ ప్లాస్టిక్ పెంకులోంచి టేపును తీసి కొత్త పెంకులోకి మార్చాలి. చేతులకు తడి లేకుండా చూసుకుని, కిటికీలు మూసి, ఫ్యాన్ కట్టేసి, ఊపిరి కూడా పక్కకు వదులుతూ చుట్టలను ఎత్తి బల్ల మీద పెట్టాను.

అప్పుడే మా ఆవిడ లోపలికొచ్చింది. "గింత ఉక్కలో ఎట్ల కూసున్నవయ్యా?" అంటూ నా మీద ప్రేమతో ఫ్యాన్ స్విచ్ వేసింది.

ఆ తర్వాత ఏం జరిగిందో నేను ఇంటికో రకంగా చెబుతాను. టేపు పాములా లేచి నా మెడకు చుట్టుకుందని చెప్పడం నాకిష్టం. నిజానికి ఒక చుట్ట అంచు వదులై, కొన్ని మలుపులు బల్ల కిందికి జారాయి. నేను అరిచిన అరుపుకు ఆమె స్విచ్ ఆపింది కానీ ఫ్యాన్ వెంటనే ఆగదు కదా. అది ఆగేదాకా ఇద్దరం టేపు మీద అరచేతులు గొడుగులా పట్టి నిలబడ్డాం. ఒక్కచోట సన్నటి మడత పడింది. తెగలేదు.

"ఎవరిది?" అంది మెల్లగా.

"ఒకాయనది. ఆయన లేడు."

మళ్లీ ఆ గదిలో నన్నడగకుండా ఏ స్విచ్చూ ముట్టలేదు.

టేపును డెక్‌లో పెట్టి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఒకసారి మొత్తం ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను. రెండోసారి తిప్పే ధైర్యం లేదు. ఆయన కొడుకుకు వానల గురించి చెబుతున్నాడు, కందిచేను గురించి, మేక ఈనిన సంగతి. మధ్యమధ్యలో ఖంగ్, ఖంగ్ అని ఏదో మోత. ముందు దాన్ని కడిగేద్దామనుకున్నాను. మాట మీద పడే చప్పుళ్లను తుడవడమే కదా నా పని. తుడవబోతూ రెండుసార్లు విన్నాను. టేపు మొదట్లో ఆ మోత ఒక స్వరంలో ఉంది. నడుస్తున్నకొద్దీ పైకి ఎక్కుతోంది. చివరికొచ్చేసరికి చిన్న గంట మోగినట్టుంది.

ఒకే వస్తువు అలా ఎక్కుతూ పోదు. ఎక్కింది టేపే. రికార్డు చేసేటప్పుడు టేప్ రికార్డర్‌లో సెల్లులు అయిపోతూ వచ్చి ఉంటాయి. సెల్లులు నీరసిస్తే లోపల టేపు మెల్లగా తిరుగుతుంది. అలా పట్టినదాన్ని మామూలు వేగంలో వినిపిస్తే గొంతు సన్నగా, తొందరగా, నవ్వుతున్నట్టు వస్తుంది. ఆయన హుషారు మనిషి కాదు, ఆ సెల్లులు ఖాళీ అవుతున్నాయంతే. అమ్మీ ఆ మాట దుఃఖంతో అనలేదు. నిజంగానే అది ఆయన గొంతు కాదు. కొడుకు దాన్ని గల్ఫ్‌లో అరిగిపోయేలా విని అదే అబ్బా అనుకున్నాడు, కూతురికి వేరేది తెలియదు. వినకుండా లేచి లోపలికి వెళ్లిపోయింది కాబట్టి అసలు గొంతు ఆ ముసలామె దగ్గరే మిగిలింది.

ఆ మోత పట్టుకుని టేపు ఎక్కుదిగుళ్లను చదును చేయగలను, మొదటినుంచి చివరిదాకా ఒకే వేగానికి తేగలను. కానీ ఏ వేగం? మొదటి రెండు మాటలకే అమ్మీ లేచి వెళ్తోందంటే, సెల్లులు మొదట్లోనే నీరసించి ఉన్నాయి. అసలు వేగం తెలియాలంటే ఆ మోత చేసిన వస్తువు ఇప్పటికీ అలాగే మోగుతూ ఉండాలి. ఫోన్ చేశాను.

"అక్కా, టేపుల ఖంగు ఖంగుమని మోత ఏంది?"

"గదా! అబ్బా అలవాటన్నా. వాకిట్ల రెండు రాళ్ల మీద బండ పెట్టి ఉంటది, గద్దె లెక్క. చేతిల సుత్తె ఉంటుండె. మాట్లాడుకుంట బండ కొడ్తుండె."

తాండూరులో బండ చూసిన మేస్త్రీ ముందు దాన్ని కొట్టి వింటాడు. లోపల పగులు లేని బండ ఖంగుమంటుంది, పగిలింది మొద్దుగా మూలుగుతుంది. గనిలో కొట్టి కొట్టి, ఇంట్లో ఖాళీగా కూర్చున్నా ఆ చేయి ఊరుకోదు.

"ఆ బండ ఉన్నదా ఇప్పుడు?"

"వాకిట్లనే ఉంది. సుత్తె గూడ ఉంది."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇనుము తుప్పు పడుతుంది, ఇత్తడి సొట్ట పడుతుంది, తాండూరు బండకేమవుతుంది?

ల్యాప్‌టాప్, మైకు సర్దుకుని రైలెక్కాను. ధారూర్ స్టేషన్‌లో ఎక్కిన ఒకాయన నా మైకు చూసి ఏ ఛానెలని అడిగాడు. చచ్చిపోయినవాళ్ల ఇంటర్వ్యూలు తీసే ఛానెలని చెప్పాను. ఆయన లేచి వేరే పెట్టెలోకి పోయాడు. అంటే నేను ఎంత భయపడుతున్నానో ఆలోచించండి.

వాకిట్లో బండ ఉంది. నీలం ఛాయలో, కూర్చుని కూర్చుని నునుపు తేలి ఉంది. దాని పక్కనే మంచం మీద అమ్మీ. బక్కగా, తల నిండా దుపట్టా. నన్ను చూసి కూతుర్ని గట్టిగా అడిగింది. "గీయన ఎవరు? బండలు కొనేటోడా?"

"కాదు అమ్మీ, అబ్బా క్యాసెట్ బాగుజేసేటాయన!" అని ఆవిడ చెవిలో అరిచింది.

"గదా..." అని ముఖం అటు తిప్పుకుంది.

మైకు నిలబెట్టి, మేస్త్రీ సుత్తెతో బండను కొట్టాను. ఖంగుమంది. గల్లీలో ఇద్దరు ముగ్గురు ఆగారు. "పగిలిందా చూస్తున్నవా?" అని ఒకాయన. "గా మూలకు కొట్టు, గక్కడ పలుకుతది" అని ఇంకొకాయన. తాండూరులో బండ కొట్టేవాడికి సలహా ఇవ్వని మనిషి ఉండడు. ఆ మోతను ల్యాప్‌టాప్‌లో పెట్టి, టేపులోని మోత దానికి సరిగ్గా కలిసేదాకా వేగం తగ్గించాను. రెండు ఖంగులు ఒక్కటయ్యాయి. కూతురు గొంతు బరువెక్కిన తండ్రిని మొదటిసారి విని కళ్లు పెద్దవి చేసింది.

స్పీకర్ అమ్మీ మంచం దగ్గర పెట్టాను. ఆమె రెండు మాటలు విన్నది. మూడో మాటకు చేయి ఊపింది.

"నక్కో, వద్దు. గిది గూడ ఆయన కాదు."

కూతురు నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. నేను గట్టిగా అన్నాను, "ఖాలా, బండకు కలిపి పెట్టిన. మనిషి తప్పు చెప్పొచ్చు గని బండ చెప్పదు!"

"ఏ బండ?"

"గీ బండ! మేస్త్రీ కూసున్న బండ!"

ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "గది ఏడుంది బేటా? ట్రాక్టరోడు రివర్స్ తీసుకుంట పలగ్గొట్టె. గిది తర్వాత తెచ్చి ఏసింది. గది ఇంత పొడుగుండె," అని రెండు చేతులూ చాచింది. "ముగ్గురం కూసుంటుంటిమి."

కూతురు నోరు తెరిచింది. "నాకెవరూ జెప్పలే!"

"నువ్వు అప్పుడు అత్తగారింటికాడ ఉంటివి. బండ పగిలిందని కార్డు రాస్తరా?"

అదీ సంగతి. రాయి కరువైన ఊళ్లో ఒక బండ తరతరాలు ఉంటుంది. తాండూరులో బండ పగిలితే మట్టికుండ పగిలినట్టే, సాయంత్రానికి ఇంకోటి వస్తుంది. ఎవరూ గుర్తుపెట్టుకోరు. వికారాబాద్ నుంచి వచ్చిన నాకు ఆ మాట తట్టలేదు, తాండూరులో పుట్టిన ఆవిడకూ తట్టలేదు. నేనొక మేస్త్రీ గొంతును వేరే బండకు కలిపి తెచ్చాను. ఇక నా దగ్గర ఏ ఆధారమూ లేదు. చెవులు పోతున్న ఒక ముసలామె ఉంది, అంతే.

పొడుగు బండ అంటే ఇంకా కింది స్వరంలో మోగుతుంది. అంటే ఇంకా మెల్లగా. ఎంత మెల్లగా అన్నది ఎవరు చెప్పాలి?

హెడ్‌ఫోన్ తీసి అమ్మీ చెవులకు పెట్టాను, దుపట్టా మీదినుంచే. ఆమె ఒక చేత్తో దాన్ని అదిమి పట్టుకుంది. ల్యాప్‌టాప్‌లో వేగం మార్చే గీత మీద వేలు పెట్టి, కొద్దికొద్దిగా తగ్గించడం మొదలుపెట్టాను. ఆమె రెండో అరచేయి కిందికి తిప్పి, ఇంకా, ఇంకా అన్నట్టు ఊపుతోంది. పిల్లలను నిద్రపుచ్చేటప్పుడు ఊపినట్టు. తగ్గించాను. ఇంకా అంది. ఈమెకు నిజంగా తెలుస్తోందా? ఇన్నేళ్లలో ఈమె జ్ఞాపకంలోనే ఆయన గొంతు కిందికి దిగిపోయి ఉంటే? ఇలా తగ్గిస్తూ పోతే మనిషి గొంతు బావిలోంచి వచ్చినట్టయి, అదే ఆయన అని ఆమె అంటే, దాన్ని ఆ ఇంటికి నేను ఇచ్చిపోవాల్సిందేనా?

చేయి ఆగింది.

"బస్."

హెడ్‌ఫోన్ తీసి, స్పీకర్ పెట్టాను. వాకిట్లోకి ఒక మనిషి వచ్చి కూర్చున్నట్టయింది. బావిలోంచి కాదు, మంచం పక్కనుంచి. మెల్లగా మాట్లాడుతున్నాడు. రెండు మాటలు, ఒక ఊపిరి. రెండు మాటలు, ఒక ఊపిరి. ఆ ఊపిరి చివర సన్నటి ఈల. తొందరలో ఇన్నాళ్లూ అదంతా అణిగిపోయి వినిపించలేదు.

"గట్లనే," అంది అమ్మీ. "బండల దుమ్ము మింగిన రొమ్ము. మాటకు మాటకు నడుమ ఊపిరి ఆడకపోతుండె. గీ ఈల విని విని నిద్రపోయిన నేను. గొంతు మరిచిపోత గని గీ ఈల మరుస్తనా?"

కూతురు నిలబడే ఉంది. క్యాసెట్ చివర ఆయన నవ్వే చోటొకటి ఉంది, బస్సు తప్పిపోతుందన్నట్టు చెబుతాడన్నది ఆ చోటే. అది వచ్చింది. అది నవ్వు కాదు. నవ్వుగా మొదలై, దగ్గులోకి పోయి, చాలాసేపటికి ఆగింది. తర్వాత ఆయన భార్యతో అన్నాడు, నువ్వూ కొడుకుతో ఒక మాట మాట్లాడు అని. ఆ తర్వాత టేపులో మాట లేదు. బండ మీద సుత్తె మోత మాత్రమే, ఎదురుచూస్తున్నట్టు.

అమ్మీ దుపట్టా ముఖం మీదికి లాక్కుంది. స్పీకర్ వైపు చేయి ఊపింది. "నక్కో జీ, నాకు సిగ్గయితది."

అప్పుడు కూడా అదే అని ఉంటుంది, మైకుకు అందనంత దూరంలో. టేపులో ఆయన, పోనీలే అన్నాడు. సరిగ్గా ఆమె అన్న తర్వాతే అన్నాడు. నేను ఏ కథలోనైనా ఇంత సరిగ్గా కలిపి ఉంటే మీరు నమ్మకండి. ఇది మాత్రం నేను కలిపింది కాదు.

కూతురు నన్ను స్టేషన్ దాకా ఆటోలో దించింది. ప్లాట్‌ఫారం మీద అడిగింది. "అబ్బా అప్పటికే బీమారా అన్నా?"

"నాకేం ఎరిక అక్కా? ఊపిరి గట్టిగ తీస్తుండు, గంతే."

"హుషారుగ ఉంటడనుకుంటి. పాతది చెరిపేసినవా?"

"లేదు. రెండూ ఉన్నయి."

"రెండూ ఇయ్యి. అమ్మీకి ఆమె మనిషి, నాకు మా అబ్బా."

ఇచ్చాను. ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు మా ఆవిడకు చెప్పాను. ఆమె నన్ను అనుమానంగా చూసింది. "గింత సాదాగ చెప్తున్నవంటే, టేపు తెంపినవ్ గదా?"

నెల తిరక్కముందే తాండూరు నుంచి మళ్లీ ఫోన్. అమ్మీ ప్రతి సాయంత్రం వాకిట్లో స్పీకర్ పెట్టించుకుంటుందట. వినిపించడం లేదని గట్టిగా పెట్టమంటుందట, గల్లీ మొత్తానికి మేస్త్రీ ఊపిరి వినొస్తోందట.

"నేను లోపల తలుపేసుకుంట అన్నా. నాది నేను చెవిల పెట్టుకుంట, జల్ది మాట్లాడేది. అయినా గోడ దాటి ఆ దగ్గొస్తది. ముందు నవ్వినట్టుండే చోట ఇప్పుడు నాకు గూడ దగ్గే వినొస్తుంది. నువ్వు మిషన్ మనిషివి. రెంటికి నడుమ ఎక్కడన్న పెట్టరాదా? జర నవ్వినట్టు, జర అమ్మీ ఒప్పుకునేటట్టు?"

ఇలాంటప్పుడే నా నోట్లోంచి ఏదో ఒకటి రావాలి. నా మిషన్ ఏమైనా చేస్తుందని నేనే కదా చెప్పింది. ఏమీ రాలేదు.

"చూస్త అక్కా," అన్నాను.

అప్పటినుంచి పొద్దున్నే గది తెరవగానే ఆ గీత మీద వేలు పెడతాను. కొంచెం పైకి జరిపితే నవ్వు మొదలవుతుంది, ఊపిరి పోతుంది. కొంచెం కిందికి జరిపితే ఊపిరి వస్తుంది. నడిమధ్యన పెట్టి వింటే అక్కడ మాట్లాడేవాడు ఎవరో మూడో మనిషి. ఆ ఇంట్లో ఎవరికీ ఏమీ కానివాడు. రైలు వస్తే గది అదురుతుంది, వేలు జరుగుతుంది, మళ్లీ మొదటినుంచి వింటాను. ఫోన్ మోగితే మాత్రం ఎత్తేముందు అది తాండూరు నుంచేమోనని చూస్తాను.